అవినిమేయం: ఈ మాటకు అర్థమేమిటి, దీన్ని ఎక్కడ వాడాలి

ఒక శిక్షణ కార్యక్రమం ప్రవేశపత్రాల వెనుకవైపు అచ్చువేసే నిబంధనలను తెలుగులో రాసే పని ఒకసారి నాకు వచ్చింది. మొత్తం పదకొండు నిబంధనలు. తొమ్మిదోది చిన్న వాక్యం: ‘ఈ పత్రాన్ని మార్చుకోరాదు.’ రాసినప్పుడు అందులో నాకు లోపమేమీ కనబడలేదు. పత్రాలు పంచిన మరునాడే ఒకావిడ ఫోను చేసి మూడు ప్రశ్నలు అడిగారు. మొదటి రోజుకు బదులు రెండో రోజు రావడానికి వీల్లేదా? తాను రాలేకపోతే తన చెల్లెల్ని పంపకూడదా? ఇద్దరికీ కుదరకపోతే కట్టిన రుసుము తిరిగి ఇవ్వరా? నిర్వాహకులు వద్దనుకున్నది వీటిలో రెండోదాన్ని మాత్రమే. తేదీ మారినా, డబ్బు తిరిగి ఇవ్వవలసి వచ్చినా వారికి అభ్యంతరం లేదు. నా వాక్యం మాత్రం మూడింటికీ తలుపు మూసినట్టుగా ఉంది.

తప్పు మాటలో ఉందా, నా వాడకంలో ఉందా అని చూసుకుంటే, వాడకంలోనే ఉందని తేలింది. ‘మార్చుకోరాదు’ అన్న మాట దేన్ని, దేనితో, ఎవరు మార్చుకోకూడదో చెప్పదు. దాని బదులు ‘ఈ పత్రం అవినిమేయం’ అని రాసి ఉంటే వాక్యానికి గాంభీర్యం వచ్చేదేమో గాని, ఆవిడకు అదే మూడు ప్రశ్నలతోపాటు నాలుగోది కూడా అడగవలసి వచ్చేది: ఈ మాటకు అర్థమేమిటి? ఈ వ్యాసం ఆ నాలుగో ప్రశ్నకు జవాబు. ‘అవినిమేయం’ ఎలా ఏర్పడింది, దాని పరిధి ఎంత, ఎక్కడ అది తప్ప మరో మాట పనికిరాదు, ఎక్కడ దాన్ని పక్కనపెట్టి తేట తెలుగులో రాయడం మేలు అన్నవే ఇందులోని విషయాలు.

మాట నిర్మాణం

వినిమయం అంటే ఒకదాన్ని ఇచ్చి, దానికి ప్రతిగా మరొకదాన్ని పుచ్చుకోవడం. మార్చుకోవడం అనే అర్థమున్న ‘మే’ ధాతువుకు ‘వి’, ‘ని’ అనే ఉపసర్గలు చేరగా ఏర్పడిన సంస్కృత పదమిది. ఇదే ధాతువు నుంచి వచ్చిన నిమయం, నైమేయం అనే మాటలను అమరకోశం వైశ్యవర్గంలో పరిదానం, పరీవర్తం అనే మాటల సరసన చేర్చి, వాటికి వస్తువుల మార్పిడి అనే అర్థాన్ని ఇస్తుంది. ఆ మాటలు వర్తకుల వర్గంలో ఉండటం గమనించదగినది. ఈ కుటుంబం మొత్తం బేరసారాల నుంచి పుట్టినది కనుక, రంగు మారడం, మనసు మారడం, రుతువు మారడం వంటి మార్పులకు ఇందులో చోటు లేదు.

ఇక ‘వినిమేయం’ సంగతి. సంస్కృతంలో ఆకారాంత ధాతువులకు ‘చేయదగినది, చేయవీలైనది’ అనే అర్థాన్నిచ్చే ప్రత్యయం చేరినప్పుడు చివర ‘ఏయ’ అని నిలుస్తుంది. ‘దా’ నుంచి దేయం, ‘పా’ నుంచి పేయం, ‘జ్ఞా’ నుంచి జ్ఞేయం వచ్చినట్టే, ఈ సందర్భంలో ‘మా’గా మారే ‘మే’ ధాతువు నుంచి వినిమేయం వస్తుంది. అంటే మార్పిడికి వీలైనది. దాని ముందు ‘అ’ చేరిస్తే అవినిమేయం, మార్పిడికి వీలుకానిది. జ్ఞేయానికి అజ్ఞేయం, విధేయానికి అవిధేయం, ప్రమేయానికి అప్రమేయం ఎలాగో ఇదీ అలాగే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ‘అవినిమయం’ అని రాయడం. ఆ రూపం వ్యాకరణానికి విరుద్ధం కాదు గాని, దాని అర్థం వేరు. అజ్ఞానం అంటే తెలియకపోవడం. అజ్ఞేయం అంటే తెలుసుకోవడానికి వీలుకానిది. అదే తేడాతో, అవినిమయం అంటే మార్పిడి జరగకపోవడం. అవినిమేయం అంటే మార్పిడి జరగడానికి వీలులేనిది. మార్కెట్టు మూసి ఉన్న రోజున జరిగేది అవినిమయం అనవచ్చు, కాని ఆ రోజున అక్కడి సరుకులేవీ అవినిమేయాలు కావు.

‘అమార్పిడి’, ‘అమారకం’ అన్నవి అసలు చెల్లవు. నిషేధార్థంలో ముందు చేరే ఈ ‘అ’ సంస్కృత పదాలకే అతుకుతుంది, తెలుగు మాటలకు అతకదు. పైగా ‘మారకం’ అన్న మాటకు జ్యోతిషంలో మరణాన్ని కలిగించేది అనే అర్థం ఒకటి ఉంది కనుక, ‘అమారకం’ అన్నది జాతకం చూసేవారికి శుభవార్తలా వినిపించినా వినిపించవచ్చు. ఇంకా గంభీరమైన మాట కావాలంటే ‘వినిమయానర్హం’ అని సవర్ణదీర్ఘ సంధితో రాయవచ్చు. అయితే దాని అర్థం మార్పిడికి తగినది కాదని. నాణ్యత లోపించడం, గడువు తీరిపోవడం, చినిగిపోవడం వంటి కారణాలతో తగకుండా పోయిన వాటికే అది సరిపోతుంది. ఏ లోపమూ లేకుండా, స్వభావం చేతనే మార్పిడికి లొంగని దానిని అనర్హం అనడం దానికి అన్యాయం చేయడమే.

వాక్యంలో దీని వాడకానికి పెద్ద చిక్కులు లేవు. సంస్కృత పదం ముందు సమాసంగా వస్తే ‘అవినిమేయ పత్రం’, ‘అవినిమేయ ద్రవ్యం’. తెలుగు మాట ముందు నేరుగా చేర్చకూడదు. ‘అవినిమేయ చీటీ’ అన్నది వైరిసమాసం కనుక ‘అవినిమేయమైన చీటీ’ అనాలి. క్రియాస్థానంలో ‘ఈ హక్కు అవినిమేయం’ అంటే చాలు. బహువచనంలో ‘ఈ పత్రాలు అవినిమేయాలు’ అనడం కంటే ‘అవినిమేయమైనవి’ అనడం చెవికి ఇంపుగా ఉంటుంది. గుణాన్ని చెప్పవలసి వస్తే అవినిమేయత. కొలవలేనిది అనే అర్థమున్న అమేయం, అప్రమేయం అన్న మాటల ప్రభావంతో దీన్ని ‘అవినమేయం’ అని పలికేవారు, రాసేవారు ఉన్నారు. ‘ని’లోని గుడిని వదలకూడదు.

‘దేనితో’ అన్న ప్రశ్న

ఈ మాటను వాడేముందు వేసుకోవలసిన ప్రశ్నల్లో ముఖ్యమైనది ‘దేనితో’ అన్నది. మార్పిడికి ఎప్పుడూ రెండు కొసలుంటాయి. ఒక కొసను చెప్పి రెండోదాన్ని వదిలేస్తే, చదివేవారు తమకు తోచిన కొసను పట్టుకుంటారు. దీనికి చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది. 1944లో బ్రెట్టన్ వుడ్స్‌లో కుదిరిన ఏర్పాటు ప్రకారం, విదేశీ ప్రభుత్వాలు, కేంద్ర బ్యాంకులు తమ దగ్గరి డాలర్లను ఔన్సుకు 35 డాలర్ల చొప్పున అమెరికా ప్రభుత్వానికి ఇచ్చి బంగారం పుచ్చుకోగలిగేవి. 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ ఆ వెసులుబాటును నిలిపివేశారు. ఆ మరునాడు డాలరు అవినిమేయమైందా? బంగారంతో అయింది. సరుకులతో కాలేదు, ఇతర దేశాల కరెన్సీలతోనూ కాలేదు. కనుక ‘1971లో డాలరు అవినిమేయ ద్రవ్యంగా మారింది’ అన్న వాక్యం సగం నిజం. ‘1971 నుంచి డాలర్లకు బదులు బంగారం పొందే వీలు లేకుండా పోయింది’ అన్నది పూర్తి నిజం. పైగా అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు.

‘ఎవరికి’ అన్న ప్రశ్న కూడా ఇదే ఉదాహరణలో దాగి ఉంది. 1971కి ముందు సైతం డాలర్లను అలా బంగారంగా మార్చుకునే అవకాశం విదేశీ ప్రభుత్వాలకు, కేంద్ర బ్యాంకులకే గాని, మామూలు మనిషికి లేదు. ఒకే నోటు ఒకరి చేతిలో వినిమేయం, మరొకరి చేతిలో అవినిమేయం. నిబంధనలు రాసేటప్పుడు ఈ తేడాను ‘-కి’ విభక్తితో స్పష్టం చేయవచ్చు: ‘సభ్యులు కానివారికి ఈ పత్రం మార్చి ఇవ్వము’ అన్నప్పుడు సభ్యులకు వీలుందని వేరే చెప్పనక్కరలేదు.

కరెన్సీ విషయంలో తెలుగులో స్థిరపడిన మాట మారకం. విదేశీ మారక ద్రవ్యం, మారకపు రేటు అని అందరూ అంటున్నప్పుడు అక్కడ వినిమయాన్ని పట్టుకుని వేలాడవలసిన పని లేదు. వస్తువుకు వస్తువు ఇచ్చుకోవడం వస్తుమార్పిడి. ఆర్థికశాస్త్రంలో మాత్రం వినిమయ విలువ, వినియోగ విలువ అన్న జంట గట్టిగా పాతుకుపోయింది. నీటి కంటే ఉపయోగకరమైనది మరొకటి లేదు, అయినా దాన్ని ఇచ్చి కొనగలిగేది దాదాపు ఏమీ ఉండదు. వజ్రానికి వినియోగ విలువ అంతంతమాత్రం, అయినా దాన్ని ఇచ్చి ఎన్నో వస్తువులు పొందవచ్చు అని ఆడం స్మిత్ 1776లో రాశాడు. ఆ నీటిని అవినిమేయం అనకూడదు. దానికి వినిమయ విలువ తక్కువ, అంతే. విలువ తక్కువ కావడం, విలువ కట్టలేకపోవడం, విలువ ఉన్నా మార్పిడికి అనుమతి లేకపోవడం అన్నవి మూడు వేర్వేరు సంగతులు. అవినిమేయం అన్న మాట వీటిలో చివరిదానికి బాగా, రెండోదానికి కొంతవరకు సరిపోతుంది, మొదటిదానికి బొత్తిగా సరిపోదు.

బదులు, ఎరువు

ఇప్పుడు అసలైన చిక్కు. మార్పిడికి వీలుకాదు అన్నప్పుడు మన మనసులో రెండు వేర్వేరు అర్థాలు మెదులుతాయి. ఒకటి, ఆ వస్తువును ఇచ్చి మరొకటి పుచ్చుకునే లావాదేవీయే కుదరదని. రెండోది, ఆ వస్తువు స్థానంలో దాని జాతిదే మరొకటి పెడితే లెక్క సరిపోదని. మొదటిది బేరానికి సంబంధించినది, రెండోది సమానత్వానికి సంబంధించినది. అమ్మడానికి వీలున్నా, దాని సాటి మరొకటి లేని వస్తువులు ఎన్నో ఉంటాయి. అలాగే అచ్చం ఒకేలా ఉండే వేల ప్రతులున్నా, చేతులు మారడానికి అనుమతి లేనివీ ఉంటాయి. నా ప్రవేశపత్రాల వంటివి.

ఈ రెండో అర్థాన్ని రోమన్ న్యాయవేత్తలు అప్పుల సందర్భంలో జాగ్రత్తగా వేరుచేశారు. ధాన్యం, నూనె, నాణేల వంటివి తీసుకున్నవాడు అవే గింజలు, అవే నాణేలు తిరిగి ఇవ్వనక్కరలేదు. అదే రకానివి, అంతే పరిమాణంలో ఇస్తే అప్పు తీరుతుంది. గుర్రాన్ని తీసుకున్నవాడు మాత్రం ఆ గుర్రాన్నే తెచ్చి కట్టేయాలి. ఈ రెండు రకాల ఒప్పందాలకు వారు వేర్వేరు పేర్లు పెట్టుకున్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే: ఈ విభజన తెలుగు ఇళ్లలో ఏ శాస్త్రమూ లేకుండానే నడిచింది. గింజలు బదులు తెచ్చుకుంటారు, డబ్బు చేబదులు తెచ్చుకుంటారు, నగను మాత్రం ఎరువు తెచ్చుకుంటారు. బదులు తీర్చడానికి అంతే కొలత చాలు. ఎరువు తెచ్చిన నగను తీర్చడానికి దాని ఎత్తు బంగారం పోసినా చాలదు, ఆ నగే వెనక్కి వెళ్లాలి. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెతలోని బరువు ఆ భయానిదే. పోతే మరొకటి పెట్టి బయటపడే దారి లేని వస్తువది.

ఎరువు అంటే ఇప్పుడు చాలామందికి పొలంలో వేసేదే గుర్తుకు వస్తుంది కనుక, ఈ పాత మాటను శాస్త్రవ్యాసంలో పారిభాషిక పదంగా తిరిగి తేవాలని నేను అనను. కాని అవినిమేయం అన్న మాటను ఎవరికైనా వివరించవలసి వచ్చినప్పుడు, బదులుకు, ఎరువుకు ఉన్న తేడాను చెప్పి చూడండి. నిర్వచనం కంటే ముందు అర్థం చేరుతుంది.

డిజిటల్ టోకెన్ల విషయంలో ఈ గందరగోళం బాగా బయటపడింది. పత్రికలు ‘నాన్ ఫంగిబుల్ టోకెన్’ అన్న పేరును తెలుగు లిపిలో యథాతథంగా వాడుతున్నాయి. కొందరు ‘మార్పిడి చేయలేని టోకెన్’ అని అనువదించారు. చదివినవారికి వెంటనే కలిగే సందేహం సహజమైనదే: మార్చడానికి వీలుకాకపోతే, దాన్ని కొంటున్నదెవరు, అమ్ముతున్నదెవరు? 2021 మార్చిలో క్రిస్టీస్ వేలం సంస్థ ఒక డిజిటల్ చిత్రానికి చెందిన ఇలాంటి టోకెన్‌ను 6.9 కోట్ల డాలర్లకు పైగా ధరకు అమ్మింది. ధర పలికి, చేతులు మారిన వస్తువును మార్పిడి చేయలేనిది అని ఎలా అంటాం? అక్కడ ఉద్దేశించినది రెండో అర్థం. క్రిప్టో లావాదేవీలు నడిచే ఎథీరియం అనే కంప్యూటర్ వ్యవస్థలో 2018లో ప్రతిపాదించిన ఈఆర్‌సీ-721 ప్రమాణం ప్రకారం ప్రతి టోకెన్‌కూ ఒక ప్రత్యేక సంఖ్య ఉంటుంది. ఆ కారణంగా ఒక ఒప్పందంలోని (అక్కడ ఒప్పందం అంటే టోకెన్లను జారీచేసే ప్రోగ్రాం) ఏ రెండు టోకెన్లూ ఒకటి కావు. సాధారణ క్రిప్టో నాణేల్లో ఒకటి పోయి మరొకటి వస్తే లెక్క మారదు, ఇక్కడ మారుతుంది.

అందువల్ల ఈ సందర్భంలో ‘అవినిమేయ టోకెన్’ అనడం నాకు పూర్తిగా నచ్చదు. వినిమయం అన్న మాటలో బేరం ఉంది, ఈ టోకెన్ల బతుకంతా బేరం మీదే. ‘సాటిమార్పు లేని టోకెన్’ అనో, ‘ఒకదానికొకటి బదులుకాని టోకెన్’ అనో మొదటిసారి వివరించి, ఆ తర్వాత పత్రికల్లో అలవాటైన పేరునే వాడుకోవడం మంచిది. పాఠకుడికి తెలిసిన అరువుమాట, తెలియని సంస్కృతపదం కంటే మేలు.

లేదు, రాదు, కూడదు, చెల్లదు

సంస్కృత రూపంలోని ‘ఏయ’ ప్రత్యయానికి ఒక బలహీనత ఉంది. చేయగలిగినది, చేయదగినది అన్న రెండర్థాలూ దానిలో కలిసి ఉంటాయి. తెలుగు క్రియలో ఆ మసక లేదు. ‘మార్చుకోలేము’ అన్నది మన చేతకానితనం. ‘మార్చుకోరాదు’, ‘మార్చుకోకూడదు’ అన్నవి నిషేధం; మొదటిది రాతలో నియమంలా, రెండోది మాటలో మందలింపులా వినిపిస్తుంది. ‘మార్చుకోవడానికి వీలులేదు’ అన్నప్పుడు కారణం మనలో లేదు, పరిస్థితిలో ఉంది. ‘మార్పిడికి చెల్లదు’ అన్నప్పుడు ఆ పత్రానికో, నాణేనికో ఆ శక్తి లేదు. ‘మార్చుకోనక్కరలేదు’ అన్నది వీటన్నిటికీ దూరం. అందులో అవసరం లేకపోవడమే గాని అడ్డంకి లేదు. నిబంధనల్లో అడ్డుపడేది నియమం కనుక ‘రాదు’ సరైనది. వస్తువు స్వభావాన్ని వర్ణించేటప్పుడు ‘వీలులేదు’ సరైనది. ‘లేరు’, ‘లేము’ అన్నవాటిని నిబంధనల్లో వాడితే, ‘మేం ప్రయత్నించి చూస్తే?’ అనే జవాబుకు చోటిచ్చినట్టే.

విశేషణంగా వాడినప్పుడు మరో ప్రమాదం. ‘మార్చుకోలేని మనిషి’ అంటే దేన్నో మార్చుకోవడం చేతకాని మనిషా, మరొకరితో మార్చుకోవడానికి వీలుకాని మనిషా? తెలుగులో ఈ రూపం రెండు అర్థాలనూ మోస్తుంది. వస్తువుల విషయంలో సందర్భం ఆదుకుంటుంది గాని, సంస్థలు, దేశాలు, మనుషులు కర్తలుగా ఉన్న వాక్యాల్లో ఆదుకోదు. అక్కడ ‘మార్పిడికి వీలుకాని’ అని నామరూపంతో రాస్తే అయోమయం పోతుంది.

అలాగే ‘మార్చు’కు, ‘మార్చుకొను’కు ఉన్న తేడా. పేరు మార్చుకోవచ్చు, ఇల్లు మార్చుకోవచ్చు, మనసు మార్చుకోవచ్చు. వీటిలో ఇచ్చిపుచ్చుకోవడం లేదు. ‘కొను’ చేరినంత మాత్రాన మార్పిడి అర్థం రాదు. ‘-తో’ గాని, ‘బదులు’ గాని, ‘ప్రతిగా’ గాని పక్కన ఉంటేనే వస్తుంది. ‘ఈ గడియారం మార్చుకోలేము’ అంటే ఇంకొకటి కొనుక్కునే స్తోమత లేదని కూడా అర్థం కావచ్చు; ‘ఈ గడియారానికి బదులు మరొకటి తీసుకునే వీలు లేదు’ అంటే ఒకటే అర్థం.

‘మార్చబడవు’, ‘మార్పిడి చేయబడవు’ అన్న కర్మణి రూపాలు ప్రకటనల్లో విరివిగా కనబడతాయి. వాటిని తప్పు అనలేము. కాని చెప్పేవారెవరో దాచిపెట్టే ఆ వాక్యం కంటే ‘అమ్మిన వస్తువులు తిరిగి తీసుకోము, మార్చి ఇవ్వము’ అన్న వాక్యం తెలుగుదనంతో ఉంటుంది. ‘తిరిగి తీసుకోము’ అన్నది వాపసుకు, ‘మార్చి ఇవ్వము’ అన్నది మార్పిడికి. రెండూ విడివిడిగా చెప్పారు కనుక ఒకదానికి అనుమతి ఇచ్చి, రెండోదాన్ని కాదనడమూ సులభమే.

ఈ మాటకు సరైన తావు

ఇంతవరకు అవినిమేయాన్ని పక్కన పెట్టమని చెప్పిన సందర్భాలే ఎక్కువయ్యాయి. దానికి తగిన చోటు లేదనుకోకూడదు. వినిమయం అన్నది ఇప్పటికే పారిభాషిక పదంగా స్థిరపడిన శాస్త్రాల్లో, దాని వ్యతిరేకపదంగా అవినిమేయం చక్కగా ఇముడుతుంది. రసాయనశాస్త్ర పాఠాల్లో కఠిన జలాన్ని మృదుజలంగా మార్చే అయాన్ వినిమయ పద్ధతి గురించి చదివే ఉంటారు: నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు వినిమయ పదార్థానికి అంటుకుని, వాటికి బదులు సోడియం అయాన్లు నీటిలోకి వస్తాయి. ఇది అక్షరాలా ఇచ్చిపుచ్చుకోవడమే. అలాగే భారజలంలో ఒక కర్బన సమ్మేళనాన్ని కలిపితే, ఆక్సిజన్‌కో నైట్రోజన్‌కో అంటిపెట్టుకున్న హైడ్రోజన్ పరమాణువులు ఆ నీటిలోని డ్యుటీరియంతో, అంటే హైడ్రోజన్‌కే బరువైన రూపంతో, స్థానాలు మార్చుకుంటాయి. కార్బన్‌కు అంటిపెట్టుకున్నవి సాధారణంగా కదలవు. వీటిని అవినిమేయ హైడ్రోజన్లు అంటే పాఠకుడికి ఏ సందేహమూ రాదు.

నేలల శాస్త్రంలో దీని వాడకం మరింత ఆసక్తికరమైనది. నేలలోని పొటాషియంలో కొంత బంకమట్టి రేణువుల పైతలాన అంటుకుని ఉంటుంది. నేల నమూనాను అమ్మోనియం ఎసిటేట్ ద్రావణంతో కలిపినప్పుడు అమ్మోనియం అయాన్లు ఆ స్థానాల్లోకి వెళ్లి పొటాషియాన్ని బయటికి నెడతాయి. అలా వచ్చేది వినిమయ పొటాషియం. మరికొంత ఇల్లైట్ వంటి ఖనిజాల పొరల నడుమ ఇరుక్కుని ఉంటుంది. అమ్మోనియం ఎసిటేట్‌కు అది లొంగదు. దాన్ని రాబట్టడానికి ప్రయోగశాలల్లో నైట్రిక్ ఆమ్లంతో మరిగిస్తారు. ఈ రెండోదే అవినిమేయ పొటాషియం.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పైరు వినిమయ పొటాషియాన్ని తోడుకుంటున్నకొద్దీ, పొరల నడుమ ఉన్నది కూడా నెమ్మదిగా విడుదలై ఆ లోటును కొంత పూడుస్తుంది. పేరుకు అవినిమేయమే, కాని శాశ్వతంగా కాదు. ఫలానా ద్రావణంతో, ఫలానా సమయంలో మార్పిడి కాలేదన్నదే ఆ పేరు చెప్పే సంగతి. మళ్లీ ‘దేనితో’ అన్న ప్రశ్న దగ్గరికే వచ్చాం. రైతులకు ఉద్దేశించిన కరపత్రంలో ‘అవినిమేయ పొటాషియం’ అని రాసి వదిలేస్తే, అది పైరుకు ఎన్నటికీ అందదని వారు అనుకోవడం సహజం. అక్కడ ‘మట్టి పొరల్లో బిగిసి, నెమ్మదిగా విడుదలయ్యే పొటాషియం’ అనడమే న్యాయం. అదే విషయం పరిశోధన వ్యాసంలో రాస్తున్నప్పుడు ఆ పొడవైన వర్ణనకు బదులు ఒక్క మాట కావాలి. అవినిమేయం ఆ పనికి పుట్టిన మాట.

పొరపడే ఇరుగుపొరుగు మాటలు

అన్నిటికంటే ఎక్కువ తికమక వినియోగంతో వస్తుంది. వినియోగం అంటే వాడుకోవడం, వినిమయం అంటే మార్చుకోవడం. అక్షరాల పోలికతో ఈ రెండూ ఒకదాని చోట ఒకటి దూరిపోయాయి. చట్టసభల వార్తల్లో ఏటా వినబడే ‘ద్రవ్య వినిమయ బిల్లు’ దీనికి పెద్ద సాక్ష్యం. ఆ బిల్లులో ఎవరూ దేన్నీ మార్చుకోరు. ప్రభుత్వ నిధి నుంచి సొమ్ము తీసి ఖర్చు చేయడానికి సభ ఇచ్చే అనుమతి అది. హిందీలో దాన్ని ‘వినియోగ్ విధేయక్’ అంటారు. తెలుగులో వినిమయమే పాతుకుపోయింది కనుక ఇప్పుడు దాన్ని పీకి పారేయమని చెప్పడం వృథా శ్రమ. అయితే దాని ఫలితం ఒకటి గుర్తుంచుకోవాలి. బడ్జెట్, నిధులు, పద్దుల ప్రస్తావన ఉన్న వ్యాసంలో ‘అవినిమేయ నిధి’ అని రాస్తే, ఖర్చు చేయడానికి వీలులేని నిధి అని చదువుతారు. అక్కడ ‘ఒక పద్దు నుంచి మరో పద్దుకు మళ్లించరాని నిధి’ అని విడమరచి రాయాలి.

మార్పులేనిది వేరు, మార్చుకోవడానికి వీలులేనిది వేరు. రూపం మారనిదానికి అవ్యయం, అవికారం, అపరివర్తనీయం వంటి మాటలున్నాయి. మరొకరి పేరుకు వెళ్లడానికి వీలులేని హక్కుకు న్యాయభాషలో అన్యాక్రాంతం చేయరానిది అంటారు. మామూలు రాతలో బదిలీ చేయరానిది. దానంగా ఇచ్చినా అది బదిలీయే, కాని ప్రతిఫలం లేదు కనుక వినిమయం కాదు. కాబట్టి అవినిమేయం అని మాత్రమే రాస్తే, ఉచితంగా ఇచ్చేయవచ్చన్న వాదనకు సందు మిగులుతుంది. ఒప్పందాలు రాసేవారు ఈ సందును తప్పక చూసుకోవాలి.

మనుషుల గురించి రాసేటప్పుడు ఈ మాటను దగ్గరికి రానివ్వకపోవడమే మంచిది. వెళ్లిపోయినవారి గురించి తెలుగులో ‘తీరని లోటు’ అంటారు, ‘ఆయన స్థానం మరొకరు భర్తీ చేయలేరు’ అంటారు, ప్రతిభను ‘సాటిలేనిది’ అంటారు, స్నేహాన్ని ‘వెలకట్టలేనిది’ అంటారు. ‘మా గురువుగారు అవినిమేయులు’ అని ఒక సంతాప వ్యాసంలో చూశాను. రాసినవారి దుఃఖం నిజమైనదే గాని, గురువుగారిని అమ్మకానికి పెట్టి, బేరం కుదరక వెనక్కి తెచ్చినట్టుగా ఉంది ఆ వాక్యం.

ప్రవేశపత్రం

ఆ ఫోను తర్వాత తొమ్మిదో నిబంధనను మూడు ముక్కలు చేశాను. దేన్ని, దేనితో, ఎవరు అన్నవి ఒక్కొక్కటే అడుగుతూ పోతే వాక్యం దానంతటదే తయారైంది. ‘పత్రం’ మార్చుకోవడం అన్న మాటను తీసేశాను. ఎందుకంటే నిజానికి ఎవరూ పత్రాన్ని మార్చుకోవాలనుకోవడం లేదు, తేదీనో మనిషినో మార్చాలనుకుంటున్నారు. రెండో అచ్చులో అది ఇలా వచ్చింది: ‘ఈ పత్రంపై పేరున్నవారికే ప్రవేశం, దీనిని మరొకరికి బదిలీ చేయరాదు. మొదటి రోజుకు బదులు రెండో రోజు రాదలచినవారు రెండు రోజుల ముందుగా తెలియజేయాలి. రాలేనివారికి రుసుము తిరిగి ఇస్తాము.’

అవినిమేయం అందులో లేదు, మార్చుకోరాదూ లేదు. ఆ ఫోను చేసినావిడ ముందుగా తెలియజేసి, రెండో రోజున తానే వచ్చారు.